ఉప్పు రంగనాథం తిరిగి వచ్చిన వైనం

ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగి బజారు వైపు నడిస్తే, ఎడమచేతి వైపు మూడో కొట్టు ఉప్పు రంగనాథానిది. ఆయనకు పుట్టినరోజులు రెండు, బారసాలలు రెండు, పెళ్ళిళ్ళు రెండు. ఆ పెళ్ళిళ్ళు రెండూ ఒకే భార్యతో. చావులు కూడా రెండే గాని, చాలా ఏళ్ళ తర్వాత రెండోది నిజంగానే వచ్చినప్పుడు ఊళ్ళో ఒక పూట దాకా ఎవరూ నమ్మలేదు. సాయంత్రానికి వచ్చేస్తాడేమో చూద్దామని పాడె కట్టడానికి వెనకాడారు. వాళ్ళ తప్పేమీ లేదు. పందొమ్మిదివందల నలభై రెండులో ఆయన విషయంలో ఒకసారి తొందరపడి నాలుక కరుచుకున్నవాళ్ళు మరి.

అంతకుముందు ఆయన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నలభై రెండేళ్ళ వయసు, బట్టతల, తెల్ల పంచె. నౌపడా నుంచి రైల్లో వచ్చే ఉప్పును కుంచంతో కొలిచి అమ్మేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనకుండా, కొలతలు కొలిచేవాళ్ళ ఆనవాయితీ ప్రకారం "లాభం" అనేవాడు. పిల్లలు లేరు. భార్య తాయారు, పక్కింట్లో తమ్ముడు సూర్యారావు. ఊరందరికీ ఉప్పు పోసే ఈ మనిషి ఇంట్లో మాత్రం పప్పులో ఉప్పు తగ్గిందనో హెచ్చిందనో రోజూ నసిగేవాడు. తాయారు ఊరుకునే రకం కాదు. ఆ ఇంట్లో భోజనమంటే రెండు కూరలు, ఒక తగువు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆ తగువు తప్పిన రోజు లేదు, ముదిరిన రోజూ లేదు.

ఆ ఏడు ఏప్రిల్లో గోనెసంచుల కోసం ఆయన విశాఖపట్నం వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజే జపానువాళ్ళ విమానాలు కూడా వచ్చాయి. హార్బరు వైపు భూమి అదిరింది. జనమంతా ఎటు దారి దొరికితే అటు పరుగెత్తారు. రంగనాథం కూడా పరుగెత్తాడు. అలా పరుగెత్తుతుంటే, కాస్త ఎత్తు నుంచి, కాస్త వెనక నుంచి చూస్తున్నట్టు, ఒక బట్టతల మనిషి పంచె ఎగ్గట్టి పరుగెత్తడం ఆయనకు కనిపించింది. పాపం, వీడెవడో బాగా హడలిపోయాడు అనుకున్నాడు. రెండు వీధులు దాటాక గాని ఆ బట్టతల తనదేనని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాడే గాని, తిరిగి ఆ మనిషి లోపలికి వెళ్ళడం ఎలాగో తెలియలేదు.

జనంతో పాటు నడిచి నడిచి శృంగవరపుకోట చేరి, అక్కడ సత్రంలో జ్వరంతో పడిపోయాడు. పది రోజులకు జ్వరం తగ్గింది. కళ్ళు తెరిచి చూస్తే కొండలు, చెట్లు, గంజి పోస్తున్న ముసలమ్మ, అన్నీ నాటకం తెర మీద రాసిన బొమ్మల్లా పల్చగా ఉన్నాయి. జ్వరం వల్ల కాబోలు అనుకున్నాడు. ఇంకో నాలుగు రోజులు చూశాడు. జ్వరం మళ్ళీ రాలేదు, బొమ్మలు మాత్రం పోలేదు.

ఈలోగా ఆయన గొడుగు ఆయనకంటే ముందు ఇల్లు చేరింది. నల్లగుడ్డ మీద తెల్లరంగుతో పేరూ ఊరూ రాయించుకున్న గొడుగు అది. హార్బరు దగ్గర రోడ్డు మీద పడి ఉంటే, తెలిసిన వర్తకుడొకాయన తెచ్చి సూర్యారావు చేతికిచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. నాలుగు రోజులు ఎదురుచూశారు. ఐదో రోజున పురోహితుడు అవధానిగారు, ఇంకా ఆగితే పోయినవాడికి గతులుండవని తేల్చేశారు. శవం లేదు కనక, శాస్త్రంలో చెప్పినట్టు మూడువందల అరవై మోదుగాకు తొడిమలు పోగుచేసి, బొమ్మ కట్టి, రంగనాథమని పేరు పెట్టి, నాగావళి ఒడ్డున దహనం చేశారు. గొడుగును కూడా మీద పెడదామన్నారు గాని తాయారు ఒప్పుకోలేదు. ఆయనకు గొడుగంటే ప్రాణమని దాచుకుంది.

పదోరోజున రంగనాథం రైలు దిగాడు. ఇంటికి తాళం వేసుంది. బజారంతా ఏట్లో ఉందని ఎవరో అంటే తనూ ఏటికి నడిచాడు. ఇసుకలో జనం గుంపుగా నిలబడి ఒక కాకి వంక చూస్తున్నారు. పిండం పెట్టి గంట అయినా కాకి ముట్టడం లేదు. తాయారును చూసుకుంటామని ఒకరు మాటిచ్చారు, కొట్టు నడిపిస్తామని ఇంకొకరు మాటిచ్చారు. కాకి ముక్కు అటు తిప్పుకుంది.

"ఎవరిదండీ పదోరోజు?" అని రంగనాథం వెనక వరసలో ఉన్నాయన్ని అడిగాడు.

"ఉప్పు రంగనాథం గారిదండీ. బాంబు పడి పోయారు," అన్నాడాయన, కాకి మీద నుంచి చూపు తిప్పకుండా.

"అయ్యో. కుంచం సరిగా కొలిచేవాడు," అన్నాడు రంగనాథం. చేతులు జోడించి నిలబడ్డాడు. నిజంగానే జాలేసింది ఆయనకు.

అప్పుడే కాకి దిగి పిండం ముట్టింది. ఆత్మ శాంతించిందన్నారు అవధానిగారు. నీళ్ళలోంచి తాయారు మెట్టెక్కి వచ్చింది. అంతకు కాసేపటి ముందే ఆమె గాజులు పగలగొట్టారు, బొట్టు తుడిచారు. తలెత్తి చూసింది. గుంపు వెనక మొగుడు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆమె కేక పెట్టలేదు. "మీ గొడుగు వచ్చేసిందండీ," అని ఇసుకలో కూలబడింది.

ఆ తర్వాత ఎవరు ఎటు పారిపోయారో చెప్పడం కష్టం. అవధానిగారు మాత్రం కదల్లేదు. దయ్యమైనా సరే, శాస్త్రం దాటి రాలేదని ఆయన ధైర్యం. గుండు చేయించుకున్న సూర్యారావు ఆయన వెనక నక్కాడు.

"నాయనా, నీకు దహనం అయిపోయింది. పిండం పడింది. కాకి కూడా ముట్టింది. శాస్త్రప్రకారం నువ్వు లేవు," అన్నారు అవధానిగారు.

రంగనాథం మండిపడతాడని అంతా అనుకున్నారు. "నాకూ విశాఖపట్నం నుంచి అలాగే ఉన్నాదండి," అన్నాడాయన నెమ్మదిగా. లేనివాడే ఒప్పేసుకున్నాక ఇంక వాదించడానికి ఎవరికీ ఏమీ మిగల్లేదు.

అవధానిగారు పుస్తకం తిరగేసి దారి చెప్పారు. కర్మ జరిగినవాడు తిరిగి వస్తే మళ్ళీ పుట్టాలి. జాతకర్మ, బారసాల, ఒడుగు, అన్నీ వరసగా జరగాలి. చివర తన భార్యనే మళ్ళీ పెళ్ళాడాలి. అంతదాకా ఆయన రంగనాథం కాడు, ఆమె ముత్తైదువ కాదు. అంటే, బతికున్న మొగుడికి అన్నం వడ్డిస్తూ తాయారు బోసి చేతులతో, బోసి నుదుటితో తిరగాలి. ఇంత తెలివి మన పెద్దలకు తప్ప ఇంకెవరికీ రాదు.

పుట్టడానికి నేతిలో కూచోవాలట. యుద్ధకాలంలో మనిషి మునిగేంత నెయ్యి ఎక్కడ దొరుకుతుంది. గంగాళం నిండా నీళ్ళు పోసి, మీద చెంచాడు నెయ్యి తేల్చి, అందులో రంగనాథాన్ని మోకాళ్ళు ముడిపించి కూచోబెట్టారు. బయటికి లేవదీసి "పుట్టాడు" అన్నారు. పుట్టినవాడు ఏడవాలి కదా అన్నారు అవధానిగారు. రంగనాథం ప్రయత్నించాడు గాని ఏడుపు రాలేదు. అన్నగారి అవస్థ చూసి సూర్యారావు భోరుమన్నాడు. ఒకే రక్తం కనక అది చెల్లుతుందని అవధానిగారు సర్దుకున్నారు. బారసాల నాడు ఉప్పుగోనెలు కుట్టి దూలానికి ఉయ్యాల కడితే, పేరంటాళ్ళు రెండో పాట ఎత్తుకోగానే తాడు తెగి పిల్లవాడు నడుం పట్టుకుని వారం రోజులు పడుకున్నాడు.

ఇంత జరుగుతున్నా ఆయన ఒక్కసారైనా విసుక్కోలేదు. తాయారు దిగులంతా అదే. ఒక రోజు కావాలని పప్పులో ఉప్పు వెయ్యలేదు. తినేశాడు. మర్నాడు పిడికెడు వేసింది. అదీ తినేశాడు.

"ఎలాగున్నాదండీ పప్పు?"

"ఆయనకి బాగానే ఉన్నట్టున్నాది," అన్నాడు, తన పొట్ట వైపు చూపించి.

తాయారు పెరట్లోకి వెళ్ళి చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయాడనుకున్న పదిహేను రోజుల్లో కూడా ఆమె అంతగా ఏడవలేదు.

రంగనాథానికి భయం లేదనుకోకండి. భయంతోనే చస్తున్నాడు. ఈ తెర ఎప్పటికీ తొలగదేమో, తన బతుకును తానే అరుగు మీద కూచున్న పరాయివాడిలా చూస్తూ ముసలివాడైపోతాడేమో అన్నదే ఆ భయం. అందుకని గంటకు పదిసార్లు పరీక్ష పెట్టుకునేవాడు. చెయ్యి గిల్లుకునేవాడు. గల్లాపెట్టె పక్కన అద్దం తగిలించి, అందులో ఉన్నవాడు తనకంటే ముందు రెప్ప వేస్తాడేమోనని కనిపెట్టేవాడు. బస్తాలు తూచే కాటా ఎక్కి తన బరువు చూసుకునేవాడు. ఉప్పు కోసం వచ్చినవాళ్ళను, "నేను కనిపిస్తన్నానా?" అని అడిగేవాడు. కనిపిస్తన్నారండి అని వాళ్ళు మర్యాదగా చెప్పి, కొసరు అడగడం మరిచిపోయి బయటపడేవాళ్ళు. పరీక్షలు పెరిగినకొద్దీ తెర మందమైంది.

శ్రీకాకుళం నుంచి డాక్టరొచ్చి నాలుక చూసి, నరాల బలహీనత అని ఎర్ర మందు సీసా ఇచ్చి వెళ్ళాడు. అవధానిగారు తన ధోరణిలో తాను పరీక్ష చేశారు.

"మొదటి పెళ్ళిలో విడిదింట్లో నీ చెప్పులు ఎవరు దాచారు?"

"మా పెద్ద బావమరిది."

"ఎక్కడ?"

"ధాన్యం గాదెలో."

"ఇంకేం, నువ్వు రంగనాథానివే."

"ఆ సంగతి రంగనాథానికి తెలుసని నాకూ తెలుసండి. కాని ఆ జవాబు పక్కింటాయన చెప్తంటే విన్నట్టున్నాది," అన్నాడాయన. అవధానిగారు పుస్తకం మూసేశారు. ఇది ఆ పుస్తకంలో లేదు.

గురుమూఢమి అడ్డొచ్చి పెళ్ళి ముహూర్తం శ్రావణానికి పడింది. ఈ నాలుగు నెలలూ తాయారును ఎవరూ పేరంటానికి పిలవలేదు. పొద్దున్నే పనిమీద బయల్దేరినవాళ్ళు ఆమె ఎదురైతే వెనక్కి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చేవారు. ఆమె చూసీ చూడనట్టు తన పనికి పోయేది. గాజుల మలారం భుజానికి తగిలించుకుని తిరిగేవాడి పిలుపు వీధిలో వినపడితే మాత్రం తలుపు మూసుకునేది. ముహూర్తం ఎనిమిది రోజులుందనగా రంగనాథం అసలు బాంబు వేశాడు.

"అవధానిగారూ, నేను రంగనాథాన్నో కాదో నాకే ఖాయంగా తెలీదు. కాకపోతే, పరాయివాడి పెళ్ళాం మెడలో పుస్తె కట్టిన పాపం నాకెందుకండి? నేను కట్టను."

ఆయన చెప్పింది నిజాయితీగానే. కుంచం సరిగా కొలిచే మనిషి, పెళ్ళి విషయంలో మాత్రం తప్పుడు కొలత ఎందుకు కొలుస్తాడు. కాని ఆయన నిజాయితీకి తాయారు బతుకంతా బోసి చేతులతో ఉండిపోవాలి. లోపలి గుమ్మం దగ్గర నిలబడి ఆ మాట విన్నది ఆమె. చేతిలో చెంబు కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మర్నాడు సంత. కళింగపట్నం వైపు రేవు నుంచి కూర్మమ్మ వచ్చింది. ఎండుచేపలు సంతలో అమ్ముకుని, తిరిగి వెళ్తూ ఉప్పు కొనుక్కుపోవడం ఆమెకు అలవాటు. కోమట్ల కొట్టు కనక, నీచు వాసన తగలకుండా ఖాళీ గంపను వీధికి అవతల దించి, సంచీ పట్టుకుని అరుగు ముందు నిలబడింది. రంగనాథం కుంచం ఒళ్ళో పెట్టుకుని తన అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"ఏటి సావుకారు బాబూ, సెయ్యి అలగ సూస్కుంతన్నావు? ఉప్పు కొల్సు. ఎండెక్కిపోతన్నాది."

"ఈ చెయ్యి ఎవరిదా అని చూస్తన్నాను కూర్మమ్మా."

ఈ మాట విన్నవాళ్ళు ఇంతదాకా రెండే పనులు చేసేవారు, నవ్వడమో జరుక్కోవడమో. కూర్మమ్మ రెండూ చెయ్యలేదు. "నీకూ అదొచ్చిందా," అంది, జలుబు సంగతి అడిగినట్టు.

రంగనాథం తలెత్తాడు. "అదంటే?"

"తుపానేడు నా మొగుడు ఎర్రన్న తెప్ప నాలుగు దినాలు రాలేదు. ఒడ్డున నిలబడి సూసి సూసి నాను సచ్చినట్టయిపోనాను. అయిదో దినం ఆడు వొచ్చీసినాడు. అందరూ ఏడ్సినారు, నవ్వినారు. నాకేటీ లేదు. ఆడు అంబలి తాగతంటే ఏసగాళ్ళ ఆట సూస్తన్నట్టు సూసినాను. సేపలు కోస్తంటే నా సేతులు ఎవులివో సేతుల్నాగున్నాయి. భూతవైద్యుడు ఏపమండలట్టుకుని కొట్టినాడు. ఎవులినో కొడతన్నట్టే ఉన్నాది. యేడాది పైన అలగే."

నాలుగు నెలల్లో ఆయనకు మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది. లోకంలో ఈ తెర తనొక్కడికే దిగిందనుకున్నాడు. "మరి ఎలా పోయింది?"

"ఎలగ పోయిందో సెప్పలేను. ఒక దినం మా ఆడబిడ్డతో గంప కాడ తగువు పడ్డాను. తగువు సగంలో తెలిసింది, ఇదేటి, నానే తగువాడతన్నాను అని."

"నాకు పోతాదంటావా?"

"పోదేటి. బయ్యం పెద్దదైతే మనిసిలో మనిసి గట్టెక్కీస్తాది బాబూ. పెద్ద అలొస్తే మనం ఎనక్కి పోమా, అలగ. అది సెడ్డ కాదు, మనల్ని కాయడానికే. అల పోయిందని తెలిస్తే అదే దిగుతాది. నువ్వు గడేకోసారి వొచ్చినావా, వొచ్చినావా అని అడగతంటే, ఇంకా అలున్నాది గావాల అనీసి అక్కడే నిలబడిపోతాది. అడక్కు. నీ పని నువ్వు సేసుకో. సెయ్యి ఎవులిదైతే నాకేటి, కుంచం నిండా కొల్సు."

రంగనాథం కొలిచాడు. "లాభం, రెండు, మూడు, నాలుగు." నాలుగు కుంచాలూ కొలిచేదాకా చెయ్యి వంక చూసుకోలేదు. అయిదో కుంచం ఉచితంగా పోశాడు. కూర్మమ్మ వద్దనలేదు.

ఆ సాయంత్రమే అద్దం తీసి పెట్టెలో పెట్టాడు. గిల్లుకోవాలనిపించినప్పుడల్లా లేచి గోనెలు సర్దేవాడు. ఒక రోజు తడిసిన గోనె వాసన గుప్పున ముక్కుకు తగిలి, క్షణంలో మళ్ళీ దూరమైపోయింది. ఇంకో రోజు పూరీ రైలు కూత తన చెవిలోనే వినిపించింది. మరో రెండు రోజులు మునుపటికంటే అధ్వాన్నం. అయినా ఆయన అడగడం మానేశాడు. పెళ్ళి సంగతి మాత్రం అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్నే అంగీకారం కింద జమకట్టి సూర్యారావు పందిరి వేయించేశాడు.

ముహూర్తం పగటిపూట. సన్నాయి మేళం వీధి చివరిదాకా వినిపిస్తోంది. గాజులవాడు మలారం దించుకుని పందిరి గుంజ దగ్గర కూచున్నాడు. పుస్తె పడితే గాని అతనికి పని లేదు. ముప్పై నాలుగేళ్ళ పెళ్ళికూతురు తల వంచుకుని పీట మీద కూచుంది. సంత నుంచి వస్తున్న కూర్మమ్మ, గంప అవతల దించి, వీధిలో నిలబడి చూస్తోంది.

అవధానిగారు మంత్రం అందుకున్నారు. పసుపుతాడు చేతిలోకి వచ్చేసరికి రంగనాథానికి అదే పాత సంగతి మళ్ళీ ఎదురైంది. కాస్త ఎత్తు నుంచి, ఒక బట్టతల మనిషి పసుపుతాడు పట్టుకుని కూచోవడం కనిపించింది. చేతులు ఆగిపోయాయి. మేళగాళ్ళు గట్టిమేళం ఎత్తుకున్నారు, ఊపిరి చాలక దించారు, మళ్ళీ ఎత్తుకున్నారు. అవధానిగారు అదే మంత్రం మూడోసారి చెప్పారు.

"తాయారూ, నేను ఇంకా పూర్తిగా రాలేదే," అన్నాడు రంగనాథం నెమ్మదిగా.

ఆమె తలెత్తలేదు. "నాకు పదకొండేళ్ళప్పుడు ఇలాగే పీట మీద కూచోబెట్టేరు. అప్పుడు మీరెవరో నాకు తెలీదు. మొహమైనా చూడలేదు. అయినా మెడ వంచేను. ఇప్పుడు మీరెవరో మీకు తెలీదు, అంతే కదండీ. కట్టండి. వచ్చినప్పుడే వస్తారు."

రంగనాథం తాడు సవరించుకున్నాడు. వంగి, మొదటి ముడి వేశాడు. రెండోది వేశాడు. మూడో ముడిలో ఆమె జుట్టు చిక్కుకుంది.

"అబ్బ. జుట్టు లాగుతన్నారు."

"నువ్వు తల కదిపితే లాగదా?"

"అప్పుడూ ఇలాగే లాగేరు."

"అప్పుడూ నువ్వు ఇలాగే కదిపేవు. పీట మీద కుదురుగా కూచోడం పుట్టిన దగ్గర్నుంచీ రాలేదు నీకు."

"పుట్టి నాలుగు నెలలు కాలేదు, మీరా నాకు చెప్పొచ్చేరు."

అవధానిగారి మంత్రం ఆగిపోయింది. రంగనాథం గట్టి సమాధానం చెప్పబోయి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. పసుపునీళ్ళు మణికట్టు మీదుగా మోచేతికి జారుతున్నాయి. చల్లగా ఉన్నాయి. ఆ చల్లదనం ఎవరికో కాదు, తనకే. తగువాడుతున్నది తనే. ముందు కూచున్నది తాయారు, ఇరవై మూడేళ్ళుగా తనతో తగువాడుతున్న తాయారు, తన మూలాన నాలుగు నెలలు బోసి చేతులతో తిరిగిన మనిషి. గంగాళంలోంచి పుట్టిన నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పందిట్లో అందరి ముందూ, బట్టతల వంచుకుని, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే జుట్టు విడదీసి మూడో ముడి వేశాడు.

వీధిలో కూర్మమ్మ గంప నెత్తికెత్తుకుంది. "వొచ్చీసినాడు," అనుకుని తన దారిన వెళ్ళిపోయింది.

గాజులవాడు మలారం విప్పాడు. తాయారు రెండు చేతులూ చాపింది.